మనుషులు కూసున్నంకనే కొలత

పోయినవాటి లెక్క ముందు రాసేస్తాను. లేకపోతే మిగతాది రాయడానికి చెయ్యి కుదురుగా ఉండదు.

గేరుబాక్సు వెనక మూత ఒకటి, పగిలింది. ప్రొపెల్లర్ షాఫ్టు ఒకటి, అంటే గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా కారు కింద తిరిగే పొడుగాటి ఇనుప గొట్టం, వంగింది. కారు నేల రేకు జానెడు వెడల్పున చిరిగింది. ఒక మనిషి కుడికాలి చీలమండ మీద పదకొండు కుట్లు పడ్డాయి. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ నలభై నిమిషాలు ఆగింది. ఆ తర్వాత నెల తిరిగేలోపు, అమీర్‌పేటలో ఒక షెడ్డు ముందు వరసగా నిలబడి ఉన్న ఆరు పాత కార్లలో ఐదు వెళ్ళిపోయాయి. ఇవన్నీ అంకెలకు లొంగేవి. ముప్పై ఏళ్ళు తప్పని ఒక చేతి మీద ఆ చెయ్యి ఉన్న మనిషికే నమ్మకం పోయింది. దాన్ని ఏ వరసలో వెయ్యాలో నాకు తెలియదు.

పోయిన మంగళవారం ఆ షెడ్డు ఉన్న సందు మొదట్లో, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో చూశాను. అటూ ఇటూ దీపాల బొమ్మలు, పైన శ్రద్ధాంజలి, కింద పేరు. తొమ్మిదేళ్ళ పరిచయంలో ఆయన అసలు పేరు నాకు తెలిసింది అప్పుడే. ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా వినలేదు. అందరికీ ఉస్తాద్. ఫొటోలో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఒక్క క్షణం వేరే ఎవరో అనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు.

షెడ్డులో స్టూలు ఉండేది, దాని మీద స్పానర్లు కూర్చునేవి. ఆయన పాత టైరు అంచున ఆనుకునేవాడు, అదీ అరనిమిషం. ఒకరోజు బండి కోసం ఎదురుచూస్తూ లెక్కపెట్టాను. గంటలో ఇరవై మూడుసార్లు లేచాడు. చాయ్ తెప్పించుకుని సగం తాగి గ్లాసును ఏ కారు బానెట్ మీదో పెట్టి మర్చిపోయేవాడు. కాసేపటికి ఇంకొకటి తెప్పించేవాడు. సాయంత్రం గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన చాయ్ దుకాణం యాదగిరి, కారు కారు చుట్టూ తిరిగి ఏరుకునేవాడు.

"ఉస్తాద్, ఒక్క చాయ్ సుత నిండ తాగిన జాడ లేదు. సగమే పోసి పంపుతా, పైసలు మాత్రం నిండవి ఇయ్యి."

"సగం పోస్తే పావే తాగుతరా. తెల్వది నీకు."

పనిలేని రోజు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా రోడ్డు పక్కన నడిచేవాడు. ఎక్కడికీ కాదు. బండ్ల చప్పుడు వినడానికి. నేను ఒకసారి వెంట వెళ్ళాను. పైన మెట్రో గలగలలు, కింద బస్సుల హారన్లు, కోచింగ్ సెంటర్ల ముందు కరపత్రాలు పంచేవాళ్ళ కేకలు. ఇంత మోతలో ఆయన ఉన్నట్టుండి ఆగి మెడ పక్కకు వంచేవాడు. "గా తెల్లదానికి దమ్ము తక్కువున్నది. మోసేది ఎక్కువ, ఇంజను చిన్నది. పాపం గుంజుతున్నది చూడు." ఏ కారు చూసినా దానికి ఇంకో ఇంజను పెడితే ఎలా ఉంటుందన్నదే ఆయన ధ్యాస. పెళ్ళికాని వాళ్ళను చూస్తే సంబంధాలు గుర్తొచ్చే ముసలమ్మలు ఉంటారే, అలాగ.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇల్లు కట్టేవాళ్ళకు ఎంత ఇనుము, ఎంత సిమెంటు పడుతుందో లెక్కవేసి ఇవ్వడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తను వేసిన లెక్కను మూడుసార్లు సరిచూసుకుంటాడు, మూడుసార్లూ ఒకటే వస్తే ఇక దేవుడు చెప్పినా వినడు.

కృష్ణానగర్‌లో సినిమా షూటింగులకు పాత కార్లు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర మోరిస్ మైనర్ కొన్నాను. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన బండి, బొద్దుగా, లేత నీలం. సినిమాల్లో అది హీరో తండ్రి కారు. నిజానికి కదిలేది కాదు, ఫ్రేములో పడకుండా నలుగురు వంగి వెనక నుంచి తోసేవాళ్ళట. నేను బాగుచేయించాక కదిలింది. అయితే దాని ఇంజను వెయ్యి సీసీకి కాస్త తక్కువ, బలం ముప్పై ఏడు గుర్రాలు, అందులో ఎన్ని గుర్రాలు బతికున్నాయో ఎవరికీ తెలియదు. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు. వెనక హారన్లు. ఒకసారి మా ఆవిడ తలుపు మీద చెయ్యి వేసి, "నేను దిగి నడుస్తానండీ, అవతల దిగేచోట కలుద్దాం" అంది. నవ్వకుండా అంది.

ఆ వారమే కారు ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్ళాను.

ఆయన బానెట్ ఎత్తలేదు. అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో బానెట్ మీద రెండుసార్లు తట్టాడు, జ్వరం చూసినట్టు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు.

"దిల్ మంచిదే సారు. చిన్నది, గంతే."

"పెద్దది పెడితే?"

"పెడ్తం. జీపుల పదమూడు వందల సీసీది ఒకటి వస్తది, దాని గేరుబాక్స్ తోని సహా. గని ముందుగాల బ్రేకులు మారుస్త. ఉరుకుడు తర్వాత, ఆగుడు ముందు నేర్వాలె."

ఇంజను మార్చడానికి రవాణా ఆఫీసు అనుమతి కాగితం నేను తెచ్చేదాకా స్పానర్ పట్టలేదు. పట్టాక మాత్రం ఆగలేదు. పాత ఇంజనును దింపి, కిరసనాయిలుతో కడిగి, నూనె పోసి, దుప్పటి చుట్టి చెక్క మీద పడుకోబెట్టాడు. "దీన్ని అమ్ముకోకు సారు. బండి ఎన్నడన్న అడగొచ్చు." కొత్త ఇంజను అడుగున ఉన్న ఆయిల్ తొట్టి కారు ముందు అడ్డకమ్మీకి తగులుతుంటే తొట్టిని కోసి, మడిచి, అతికించాడు. రేడియేటరు నాలుగు వేళ్ళు ముందుకు జరిపాడు. ఇవన్నీ కొలిచింది జానలతో, బెత్తలతో, బొటనవేలితో. టేపు షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు. నేను జేబులోంచి నా ఉక్కు టేపు తీస్తే, "పామును లోపల పెట్టు" అనేవాడు.

చివరికి మిగిలింది ప్రొపెల్లర్ షాఫ్టు. కొత్త గేరుబాక్సు పొడుగు వేరు కాబట్టి పాత షాఫ్టు సరిపోదు. కొత్తది ఎర్రగడ్డలో లేత్ షాపులో కోయించి, అతికించి తేవాలి. ఈ కొలత దగ్గర ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉంది. అది ఆయనకే ప్రత్యేకం. నేను ఇంకెక్కడా చూడలేదు.

ముందు కారును నాలుగు చక్రాల మీద నేలకు దించాడు. సందులోకి వచ్చి నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ బండి నర్సింలును పిలిచాడు. చాయ్ యాదగిరిని పిలిచాడు. ఎదురుగా హాస్టల్లో వంటచేసే భీమవరం మూర్తిగారు గిన్నె కడుగుతుంటే, "పంతులూ, జర పని ఉన్నది, రా" అన్నాడు. మూర్తిగారు బరువు చెబితే నొచ్చుకుంటారు, వంద దాటతారని మాత్రం రాస్తాను.

"ఎక్కడికి ఉస్తాద్?" మూర్తిగారు తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"ఎక్కడికి పోతలేం. కారుల కూసో."

"కదలని కారులో కూర్చుని ఏం చెయ్యాలండీ?"

"బరువుండాలె. గదే పని. దేవుడు నీకిచ్చిండు, జర వాడుకుంట."

ముగ్గురూ వెనక, నేను ముందు. కారు నిట్టూర్చినట్టు కిందికి కుంగింది. మేము నలుగురం, పెళ్ళికి వెళుతున్న వాళ్ళలా ఎదురు గోడను చూస్తూ కూర్చున్నాం. ఉస్తాద్ దారం ఉండ పట్టుకుని కారు కిందికి దూరాడు. గేరుబాక్సు తోక దగ్గర ఒక ముడి, వెనక ఇరుసు మూతి దగ్గర ఒక ముడి. బయటికి వచ్చి దారం కోశాడు. అంతే కొలత.

"గాలిల ఉన్న బండి కొలత బండిది కాదు సారు," అన్నాడు వీపు దులుపుకుంటూ. "మనుషులు కూసున్నంకనే కొలత."

నాకది ముచ్చటగా అనిపించింది. పద్ధతిగా అనిపించలేదు. నా మనసులో ఉన్నది దారం. ఆరోజు పొద్దుటి నుంచి ముసురు, షెడ్డు నేలంతా తడి. నూలుదారం తడిస్తే సాగుతుందని నేను అనుకున్నాను. దాన్ని నమ్మి ఇనుము కోయించడమా?

ఉస్తాద్ బ్రేకు గొట్టాలు చూడటానికి కారును మళ్ళీ స్టాండ్ల మీదికి ఎత్తించి, దారం నా చేతిలో పెట్టి, ఎర్రగడ్డ వెళ్ళి ఇచ్చి రమ్మన్నాడు. తను గొట్టాలు తేవడానికి బజారుకు పోయాడు. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. నేను టేపు తీసి కారు కిందికి దూరాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకే అంకె, అర మిల్లీమీటరు కూడా అటూ ఇటూ లేదు. తర్వాత దారాన్ని సాగదీయకుండా పరిచి కొలిచాను. దారమే పొడుగు. తేడా కొద్దిపాటిది కాదు. తడిసి సాగిందనడానికి ఇంకేం రుజువు కావాలి?

నా అంకెను చీటీ మీద రాసుకున్నాను. దారాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను.

లేత్ షాపు ఆయన చీటీ చూసి తలెత్తాడు. "దారమేది సారు? ఉస్తాద్ ఎప్పుడు దారమే పంపుతడు."

"మిల్లీమీటర్లలో ఉందిగా. ఇంకా నయం కదా."

"ఉస్తాదే ఇచ్చిండా?"

"ఆయనే పంపారు," అన్నాను. నన్ను పంపింది ఆయనే. ఆ మాటలో అబద్ధం లేదని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు షాఫ్టు బిగిస్తూ ఉస్తాద్ ఆగాడు. షాఫ్టు ముందు కొస గేరుబాక్సులోకి పళ్ళ గొట్టంలా దూరుతుంది, గట్టిగా బిగించరు, ముందుకూ వెనక్కూ జరగడానికి వదిలేస్తారు. ఈ బండికి దొరికిన పళ్ళ గొట్టం పొట్టిది, లోపల పట్టుకునేది అంగుళమున్నర మాత్రమే. ఆయన బొటనవేలితో అక్కడ తడిమాడు. ఇంకోసారి తడిమాడు.

"జర బయటికున్నట్టు కొడుతున్నది. దారం ఏది సారు?"

"లేత్ షాపులో ఉండిపోయింది."

దారం అప్పుడు కూడా నా జేబులోనే ఉంది. పెదవి కదిపితే సరిపోయేది. నేను సరిగానే కొలిచానని అప్పటికీ నా నమ్మకం.

ఆయన కాసేపు కారు కిందే ఉన్నాడు. తర్వాత, తనలో తను అనుకున్నట్టు, "నా దారమే గద," అని బిగించేశాడు.

ముందు ఆయనొక్కడే నడిపాడు. అమీర్‌పేట చౌరస్తా దాటి పంజాగుట్ట దాకా వెళ్ళి వచ్చాడు. దిగినప్పుడు ఆ ముఖం చూడాల్సింది. మీసం కింద నవ్వును దాచుకోలేక ఇంజను చప్పుడు విను విను అంటూ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నాకు తాళం ఇచ్చి, సందులోకి చూసి కేక వేశాడు. "పంతులూ, నర్సింలూ, యాదగిరీ. రాండ్రి. కొలతకు కూసున్నోళ్లు సవారికి సుత రావాలె." అది కూడా ఆయన పద్ధతే. ఉత్తినే కూర్చోబెట్టిన వాళ్ళను ఒక్కసారైనా తిప్పి తేవాలి.

నేను నడిపాను. ఆయన నా పక్కన, ముగ్గురూ వెనక. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పద్దెనిమిది లేదు, నలభై ఎనిమిది. యాదగిరి వెనక నుంచి, "ఉస్తాద్, బస్సును దాటినం," అన్నాడు. మూర్తిగారు సీటు పట్టుకుని గోవిందా అనుకుంటున్నారు. ఉస్తాద్ నిమిషం కూడా కుదురుగా లేడు. కిటికీలోంచి తల బయటపెట్టి చప్పుడు వింటున్నాడు.

పైన, రెండు శ్లాబులు కలిసే అతుకు దగ్గర కారు చిన్నగా ఎగిరింది. దిగేటప్పుడు కింద నుంచి పెద్ద శబ్దం వచ్చింది. షాఫ్టు గేరుబాక్సులోంచి ఊడి, ముందు కొస రోడ్డుకు గుచ్చుకుని కారును ఎత్తి కుదేసింది. నేల రేకును చీల్చుకుని లోపలికి వచ్చింది. బ్రేకులు ఉస్తాద్ ముందే మార్చాడు కాబట్టి కారు ఆగింది. ఐదుగురం బతికాం. ఆయన కుడికాలంతా రక్తం.

మూర్తిగారి తువ్వాలు కాలికి చుట్టుకుని ఆయన ఫ్లైఓవర్ పిట్టగోడకు ఆనుకున్నాడు. మొదటిసారి ఆయన కూర్చున్నాడనుకుంటాను, నేల మీద. వెనక బండ్లవాళ్ళు తిడుతున్నారు. నర్సింలు, యాదగిరి కలిసి షాఫ్టును లాగి తెచ్చి ముందు పెట్టారు. ఆయన దాని పళ్ళ కొస మీద బొటనవేలు పెట్టి చూశాడు. మెరుపు ఉన్న మేర ఎంతో, అంటే పట్టు దొరికిన మేర ఎంతో, అక్కడ తెలుస్తుంది. బొటనవేలు గోరంత కూడా లేదు.

"నా దారం తప్పింది," అన్నాడు.

"ఎన్నడు తప్పలేదు గదన్నా," అన్నాడు నర్సింలు.

"తప్పిందిరా. కండ్లకు కనవడుతలేదా. పంతులు ఇంట్ల పిల్లలున్నరు, నీకున్నరు. మిమ్ములను కూసోవెట్టి తెచ్చిన."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నలుగురు వింటున్నారు. ఆయన నావైపు తిరిగాడు. "లెక్కల సారూ, నీ టేపు తీయి. నాపి చెప్పు, ఎంత తక్కువ పడ్డది? గది తెలిస్తే చెయ్యి ఎంత తప్పిందో తెలుస్తది."

"తర్వాత చెబుతాను ఉస్తాద్. ముందు ఆసుపత్రికి పదండి."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దారాన్ని నీళ్ళలో ముంచి కొలిచాను, ఆరబెట్టి కొలిచాను. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా రాలేదు. దారం సాగలేదు. రెండురోజుల తర్వాత, ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళాక, షెడ్డులో ఉన్న ఇంకో పాత కారు కింద దూరి కొలిచాను. గాలిలో ఒకసారి, మనుషులను కూర్చోబెట్టి ఒకసారి. వెనక ఇరుసును మోసే కమాను పట్టీలు విల్లులా వంగి ఉంటాయి. బరువు పడగానే ఆ వంపు తగ్గి పట్టీ సాగుతుంది, ఇరుసును వెనక్కి నెడుతుంది. గాలిలో ఉన్న బండికి ఆ దూరం తక్కువ. ఇంతే. లెక్క తెలిసినవాడు నిలబడి ఒక్క నిమిషం ఆలోచిస్తే తట్టే సంగతి. నేను మూడుసార్లు సరిచూశాను గానీ, ఒక్క నిమిషం ఆలోచించలేదు.

ఉస్తాద్ తిరిగి వచ్చాక కారును బాగుచేసి ఇచ్చాడు. కొత్త షాఫ్టుకు మాత్రం తను కొలవలేదు. బయటి నుంచి ఒక ఫిట్టరును పిలిపించి, అతను టేపుతో కొలుస్తుంటే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేనే ఆ ఫిట్టరుతో మనుషులను కూర్చోబెట్టి కొలవమన్నాను. ఉస్తాద్ విన్నాడు, ఇటు తిరగలేదు. లేత్ షాపు ఆయన్ని ఉస్తాద్ ఒక్కమాట అడిగి ఉంటే అంతా బయటపడేది. అడగలేదు. తప్పు తనదైనప్పుడు ఇంకొకణ్ణి అడిగితే వాడి మీదికి తోసినట్టవుతుందట. ఈ మాట యాదగిరితో అంటుంటే నా చెవిన పడింది.

ఇంజన్లు మార్చే పని మానేశాడు. షెడ్డు ముందున్న బండ్లవాళ్ళకు ఫోన్లు చేసి, "నా చెయ్యి తప్పుతున్నది, ఇంకో జాగల చూస్కోండ్రి," అని తనే చెప్పాడు. ఒక్కరు మాత్రం వినలేదు, ఆ కారు అక్కడే దుమ్ము పట్టింది. ఆయన ఆయిల్ మార్చేవాడు, బ్రేకులు చూసేవాడు. పంజాగుట్ట దాకా నడక కూడా మానాడు. కాలు నొప్పి అనేవాడు. కుట్లు ఎప్పుడో మానాయి.

నేను చెప్పాలనే వెళ్ళేవాణ్ణి. పదకొండుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ ఆయిల్ మార్పించుకుని వచ్చాను. అంత ఆయిల్ ఏ కారుకూ అక్కర్లేదు. ఒకసారి ఆయన గరాటా తుడుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"గా లెక్క చేసినవా సారు? ఎంత తక్కువ పడ్డదో?"

"చెయ్యలేదు ఉస్తాద్. కుదరలేదు."

గరాటా తుడవడం ఆపాడు. "నువ్వు చెయ్యని లెక్క సుత ఉంటదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత ఒక గుడ్డతో నా కారు బానెట్ తుడిచి, వేళ్ళ వెనకతో రెండుసార్లు తట్టి, ఇంజను చప్పుడు బాగుందన్నాడు. ఆయనకు తెలిసే అడిగాడా, తెలియక అడిగాడా అన్నది ఆలోచిస్తూ ఆరోజు ఇంటికి వెళ్ళే మలుపు రెండుసార్లు దాటిపోయాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా నేను నోరు తెరిచేలోపు ఆయన ఇంకో బండి కిందికి దూరేవాడు, లేదా నాకే అలా అనిపించేది.

ఫ్లెక్సీ చూసిన రోజు యాదగిరి దుకాణం దగ్గర ఆగాను. గుండెనొప్పి అన్నాడు. పొద్దున షట్టరు ఎత్తుతుంటే వచ్చిందట. నేను యాదగిరికి అంతా చెప్పాను, చీటీ, జేబులో దారం, లేత్ షాపులో అన్న మాట. అతను చాయ్ వడకడుతున్నవాడు ఆగి నావైపు చూశాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ సారు," అన్నాడు. "అడిగింది ఆయన గద."

కొలత మిల్లీమీటర్లలో చెబితే ఉస్తాద్ ఒప్పుకునేవాడు కాదు. ఆయన లెక్కంతా సూత్‌లలో, అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. అందుకని దారాన్ని నీళ్ళలో ముంచిన రాత్రే, దారానికీ నా చీటీకీ ఉన్న తేడాను ఆయన లెక్కలోకి మార్చి పెట్టుకున్నాను. శేషం దాదాపు రాలేదు. ఉస్తాద్ దారం సరిగ్గానే ఉంది. నా చీటీ తక్కువ. ఆయన రెండుసార్లు అడిగినా నేను ఇవ్వని అంకె, ఏడు సూత్‌లు.